కారు కూతపెడితే ముందు ఆపడం నేర్చుకోండి: అలారం, రిమోట్ వాడే పద్ధతి

పోయిన ఆషాఢంలో మూడు రాత్రులు మా వీధికి నిద్ర లేకుండా చేశాను. అనంతపురంలో ఆషాఢ గాలి ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. నాదేమో సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న కారు. దానికి పాత ఓనరు బయట బిగించుకున్న అలారం ఉంది, దాని పుస్తకం మాత్రం లేదు. గాలి ఒక్క తోపు తోస్తే చాలు, సైరన్ మొదలు. చీకట్లో రిమోట్ వెతుక్కుని, ఏ బటన్ నొక్కాలో తెలియక అన్నీ నొక్కి, ఆపి పడుకుంటే అరగంటకు మళ్లీ. మూడో రోజు పొద్దున ఎదురింటి పెద్దాయన గేటు దగ్గర నిలబడి, "ఏమప్పా, నీ కారు రాత్రంతా ఎవుర్నో పిలుస్తాంది, పోయి పలుకు" అన్నాడు.

అప్పుడు కూర్చుని నేర్చుకున్నాను. అలారం కొనుక్కున్నవాళ్లు ముందు లాక్ చేయడం నేర్చుకుంటారు. నన్నడిగితే ముందు నేర్చుకోవాల్సింది ఆపడం. అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను.

సైరన్ ఆపడం

రిమోట్ చేతిలో ఉంటే అన్‌లాక్ బటన్ ఒక్కసారి నొక్కి ఒక్క క్షణం ఆగండి. బయట బిగించిన చాలా సెట్లలో మొదటి నొక్కుకు సైరన్ ఆగుతుంది, రెండో నొక్కుకు తలుపులు తెరుచుకుంటాయి. టెన్షన్‌లో బటన్లన్నీ గబగబా నొక్కితే ఆగింది మళ్లీ మొదలవుతుంది, నా అనుభవం అదే.

రిమోట్ పనిచేయకపోతే తాళం చెవితోనే తలుపు తీయండి. తీయగానే సైరన్ ఇంకా గట్టిగా అరుస్తుంది, కంగారు పడకండి. అలారం ఆన్‌లో ఉండగా రిమోట్ లేకుండా తలుపు తీస్తే అది దొంగతనం కిందే లెక్క వేసుకుంటుంది. సీట్లో కూర్చుని తాళం పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేయండి. కంపెనీ నుంచే అలారం వచ్చిన కార్లలో చాలావరకు అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే తాళంచెవి తలలో ఉన్న చిప్‌ను కారు గుర్తుపడుతుంది.

బయట బిగించిన సెట్ అయితే ఇంకో మెట్టు ఉంది. దానికి ఎక్కడో ఒక చిన్న స్విచ్ దాచి ఉంటుంది, దాన్ని వ్యాలే స్విచ్ అంటారు. సాధారణంగా స్టీరింగ్ కింద మోకాలి దగ్గర గాని, ఫ్యూజ్ బాక్స్ పక్కన గాని, గ్లవ్ బాక్స్ వెనక గాని పెడతారు. ఇగ్నిషన్ ఆన్ చేసిన కొన్ని సెకన్లలోపు ఆ స్విచ్ నొక్కాలి. కొన్నింటిలో ఒక్కసారి నొక్కితే చాలు, కొన్నింటిలో కాసేపు నొక్కి పట్టుకోవాలి. నాది మూడు సెకన్లు పట్టుకుంటే ఆగే రకం. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు ఒక ఆటో ఎలక్ట్రీషియన్, ఒక టార్చిలైటు, ఒక ఆదివారం పట్టాయి.

కాబట్టి కారు కొన్న రోజే, లేదా అలారం బిగించుకున్న రోజే, ఆ స్విచ్ ఎక్కడుందో బిగించినవాడినే చూపించమనండి. మీ వేలితో మీరే నొక్కి చూడండి. ఫోన్లో ఫొటో తీసుకోండి. ఆ వివరం రాసిన కాగితం మాత్రం కారులో పెట్టకండి. దొంగకు మీరే దారి చూపినట్టవుతుంది.

ఇంకో మాట. ఎంత విసుగొచ్చినా బానెట్ ఎత్తి సైరన్ వైరు కోయొద్దు. కొన్ని సైరన్లలో సొంత బ్యాటరీ ఉంటుంది, వైరు తెగితే అవి ఇంకా అరుస్తాయి. అలాంటివాటి ఒంటిమీదే ఒక చిన్న తాళం రంధ్రం ఉంటుంది. దాని తాళంచెవి అలారంతో పాటే ఇస్తారు, అదెక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

మీ కారులో నిజంగా ఏముంది

"మా కారుకు సెక్యూరిటీ ఉంది" అని అందరూ అంటారు గాని, అందులో మూడు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. సెంట్రల్ లాకింగ్ అంటే ఒక బటన్‌తో అన్ని తలుపులూ లాక్ అవడం, అంతే. అలారం అంటే తలుపు, డిక్కీ, బానెట్ తెరిచినా, కారును గట్టిగా కొట్టినా అరిచేది. ఇమ్మొబిలైజర్ అంటే తాళంచెవిలోని చిప్ సరిపోకపోతే ఇంజన్ స్టార్ట్ కానివ్వనిది. అది అరవదు. అద్దం పగలగొట్టి లోపలి ల్యాప్‌టాప్ ఎత్తుకుపోయినా ఇమ్మొబిలైజర్‌కు పట్టదు. బండిని నడుపుకుపోకుండా ఆపడమే దాని పని.

చూసుకోవడం సులభం. కారులో కూర్చుని అద్దం కొంచెం దించి, తలుపులు మూసి, రిమోట్‌తో లాక్ చేయండి. ఒక నిమిషం కదలకుండా ఆగి, లోపలినుంచి చేత్తో తలుపు తెరవండి. ఏ చప్పుడూ రాకపోతే మీకున్నది సెంట్రల్ లాకింగ్ మాత్రమే. సైరనో హారనో మోగితే అలారం ఉన్నట్టు. పట్టపగలు చేయండి, పక్కవాళ్లకు ముందే చెప్పండి.

ఇమ్మొబిలైజర్ కోసం డ్యాష్‌బోర్డ్ మీద తాళం గాని, తాళంచెవి ఉన్న కారు బొమ్మ గాని చూడండి. ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు అది కాసేపు వెలిగి ఆరిపోతే సరే. ఆరకుండా మెరుస్తూ ఇంజన్ అందుకోకపోతే చిప్‌ను కారు గుర్తుపట్టలేదని అర్థం. అలాంటప్పుడు బ్యాటరీ మీద, స్టార్టర్ మీద అనుమానపడే ముందు తాళంగుత్తి చూడండి. రెండు కార్ల తాళాలు, లేదా కారువీ బైకువీ ఒకే రింగులో ఉంటే ఒక చిప్ ఇంకోదానికి అడ్డం పడుతుంది. విడదీసి మళ్లీ తిప్పి చూస్తే చాలాసార్లు అక్కడికక్కడే స్టార్ట్ అవుతుంది.

రోజూ లాక్ చేసే తీరు

ఇంజన్ ఆపి తాళం తీసి, అందరూ దిగాక, అద్దాలు పూర్తిగా ఎక్కాయా, డిక్కీ సరిగా పడిందా చూసి లాక్ బటన్ ఒక్కసారి నొక్కండి. ఇండికేటర్లు ఒకసారి వెలిగి, సైరన్ చిన్నగా ఒక్క కూత వేస్తే అలారం ఆన్ అయినట్టు. అన్‌లాక్‌కు రెండు కూతలు. ఎక్కువ సెట్ల భాష ఇదే. లాక్ చేసినప్పుడు కూతలు మారాయంటే, లేదా కూతే రాలేదంటే ఏదో తలుపు సరిగా పడలేదు. డ్యాష్‌బోర్డ్ మీది చిన్న ఎర్ర లైటు నెమ్మదిగా మెరుస్తూ ఉంటే కారు కాపలాలో ఉన్నట్టు.

ఆ తర్వాత హ్యాండిల్ పట్టుకుని ఒకసారి లాగి చూడండి. పెద్దవాళ్లు ఇంటి తాళం వేసి రెండుసార్లు లాగి చూసినట్టే. రిమోట్ పంపేది రేడియో సిగ్నల్, మన దగ్గర ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేది. దాన్ని పక్కనుంచి చెడగొట్టే పరికరాలు దొంగల చేతిలో ఉంటాయి. మీరు నడుస్తూ వెనక్కి చూడకుండా బటన్ నొక్కి పోతే, కారు అసలు లాకే కాలేదని తెలియదు. హైవే హోటల్ ముందు, కల్యాణ మండపం బయట ఈ లాగి చూసే అలవాటు చాలా ముఖ్యం.

రాత్రి ఇంటి దగ్గర కూత లేకుండా లాక్ చేసుకోవచ్చు. రిమోట్‌లో గీత కొట్టిన హారన్ బొమ్మో, స్పీకర్ బొమ్మో ఉంటుంది, అదే సైలెంట్ బటన్. శబ్ద కాలుష్య నియమాల్లో నివాస ప్రాంతాలకు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఉన్న పరిమితి 45 డెసిబెల్స్. కారు సైరన్ వందకు పైనే ఉంటుంది. నియమం సంగతి ఎలా ఉన్నా, పసిబిడ్డ ఉన్న ఇంటిముందు రాత్రి పదకొండుకు 'కుయ్' మనిపిస్తే ఆ తల్లి ఏమనుకుంటుందో ఆలోచించండి.

అన్‌లాక్ చేసి తలుపు తీయకుండా ఊరుకుంటే చాలా సెట్లు సుమారు అరనిమిషంలో తమంతట తామే మళ్లీ లాక్ చేసుకుంటాయి. పొరపాటున జేబులో బటన్ నొక్కుకుపోయినా కారు తెరిచి ఉండకూడదని ఈ ఏర్పాటు. దీంతో ఒక ప్రమాదం ఉంది. తాళం, రిమోట్ సీటు మీద పెట్టి డిక్కీలోంచి సంచులు దించుకుంటూ ఉంటే తలుపులు లాక్ అయిపోవచ్చు. తాళంగుత్తి చేతిలోనో జేబులోనో ఉండాలి, సీటు మీద కాదు. ఇక పిల్లలను కారులో వదిలి "రెండు నిమిషాల్లో వస్తా" అని పోవడం అసలు వద్దు. మన ఊరి మే ఎండలో మూసిన కారు ఎంత త్వరగా పొయ్యి అవుతుందో మీకు తెలుసు. పైగా బిడ్డ లోపల కదిలితే, భయపడి తలుపు తీస్తే అలారం మోగి ఇంకా బెదిరిపోతుంది.

ఊరికే అరిచే కారు

మా వీధి బాధంతా షాక్ సెన్సార్ వల్ల. అగ్గిపెట్టెంత డబ్బా అది, డ్యాష్‌బోర్డ్ లోపల ఉంటుంది. కారు అదిరితే కంట్రోల్ బాక్సుకు కబురు పంపుతుంది. దానిమీద ఒక చిన్న స్క్రూ ఉంటుంది, చాలావాటిలో ఒక లైటు కూడా. స్క్రూ ఒకవైపు తిప్పితే సున్నితం పెరుగుతుంది, ఇంకోవైపు తగ్గుతుంది. ఏ వైపు ఏదో దానిమీదే ప్లస్, మైనస్ గుర్తులు ఉంటాయి.

సర్దే ముందు అది గట్టిగా బిగించి ఉందో లేదో చూడండి. మా ఎలక్ట్రీషియన్ డ్యాష్‌బోర్డ్ కింద తల పెట్టి బయటికి తీసి, "సార్, ఇది ఏలాడుతాంది. కారు కదిలిందని కాదు, ఇది కదిలిందని అరుస్తాంది" అన్నాడు. బిగించినవాడు స్క్రూలు మానేసి రెండువైపులా అంటుకునే టేపుతో అతికించాడు. అనంతపురం వేసవిలో డ్యాష్‌బోర్డ్ వేడికి ఆ జిగురు కరిగి సెన్సార్ వైర్లకు వేలాడుతోంది. ఇనుప పట్టీకి స్క్రూతో గాని, గట్టి జిప్ టైతో గాని బిగిస్తేనే అది సరిగా పనిచేస్తుంది.

బిగించాక స్క్రూను పావు చుట్టు చొప్పున మాత్రమే తిప్పండి. తిప్పిన ప్రతిసారీ తలుపులు మూసి, లాక్ చేసి, ఒక నిమిషం ఆగండి. చాలా సెట్లు లాక్ అయిన వెంటనే వచ్చే కదలికలను పట్టించుకోవు. తర్వాత పిడికిలి మెత్తటి వైపుతో తలుపుల మధ్య స్తంభం మీద కొట్టండి, అద్దం మీద కాదు. రెండు మెట్ల సెన్సార్ అయితే చిన్న దెబ్బకు నాలుగైదు చిన్న కూతలు వేసి ఊరుకోవాలి, గట్టి దెబ్బకు పూర్తి సైరన్ రావాలి. అరచేత్తో మెల్లగా తట్టినా మోగితే ఎక్కువైనట్టు. బస్సు పక్కనుంచి పోయినా మోగితే చాలా ఎక్కువైనట్టు. పిడికిలితో గట్టిగా గుద్దినా ఉలుకూపలుకూ లేకపోతే బాగా తగ్గించేశారని అర్థం.

ఒకచోట సరిపోయింది ఇంకోచోట సరిపోదు. రైలు కట్ట పక్కన ఇళ్లున్నవాళ్లు గూడ్సు బండి పోయే వేళ చూసి సర్దుకోవాలి. ఆషాఢంలో, గోడ చాటు లేని చోట కారు పెట్టేవాళ్లు ఇంకొంచెం తగ్గించాలి. దీపావళి రాత్రి, వినాయకుడి ఊరేగింపు డీజే పోయే రోజు సెన్సార్‌ను అసలు ఆపేయడమే మేలు. చాలా రిమోట్లలో లాక్ నొక్కాక వెంటనే ఇంకో బటన్ నొక్కితే ఆ ఒక్కసారికి షాక్ సెన్సార్ మాత్రం పనిచేయదు. తలుపుల కాపలా మామూలుగానే ఉంటుంది. ఆ బటన్ ఏదో మీ సెట్‌లో కనుక్కుని పెట్టుకోండి. అహోబిలం, శ్రీశైలం పోయినప్పుడు నేను ఇదే చేస్తాను, కోతులు టాపు మీద దూకినప్పుడల్లా సైరన్ మోగితే దర్శనం క్యూలో మనశ్శాంతి ఉండదు. కోతులకు సైరన్ భయం కూడా ఉండదు. వైపర్ రబ్బరు పీకే పని పీకుతూనే ఉంటాయి.

సెన్సార్ ఆపినా రాత్రి మోగుతోందంటే తప్పు దానిది కాదు. అప్పుడు తలుపులు ఒక్కొక్కటిగా చూడాలి. లోపలి లైటును తలుపుతో వెలిగే పద్ధతిలో పెట్టి, ఒక్కో తలుపు తీసి మూయండి. మూసినా లైటు ఆరకపోతే, ఆరి మళ్లీ మినుకుమంటే ఆ తలుపు స్విచ్‌లో దుమ్మో తుప్పో చేరినట్టు. అలారంతో పాటు బిగించిన బానెట్ కింది స్విచ్ కూడా ఇలాగే పాడవుతుంది. కారు కడిగిన రోజు రాత్రే మోగితే మొదటి అనుమానం దానిమీదే పెట్టుకోండి, నీళ్లు పోయి ఉంటాయి.

రిమోట్ సెల్లు

ఇదివరకు ఇరవై అడుగుల దూరం నుంచి పనిచేసిన రిమోట్ ఇప్పుడు తలుపు పక్కన నిలబడి రెండుసార్లు నొక్కితే గాని పనిచేయడం లేదంటే సెల్ అయిపోవస్తోంది. పూర్తిగా చచ్చేదాకా ఆగకండి. చాలా రిమోట్లలో 3 వోల్టుల సీఆర్2032 అనే బిళ్ల సెల్ ఉంటుంది. కొన్నింటిలో కొంచెం పలచటి సీఆర్2016, పాత సెట్లలో వేలి కొనంత 12 వోల్టుల గుండ్రటి సెల్. విప్పి పాతది చేతిలో పట్టుకునే షాపుకు పోండి, నంబరు గుర్తుంటుందిలే అనుకుంటే తప్పు సెల్ తెచ్చుకుంటారు. పెట్టేటప్పుడు ప్లస్ వైపు ఎటుందో ముందే చూసుకోండి. పాత బిళ్లను పిల్లలకు అందే చోట పడేయకండి, మింగితే గొంతులో ఇరుక్కుని కొన్ని గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సంగతి అది.

బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో రిమోట్ సెల్ అయిపోయినా దారి ఉంది. రిమోట్ లోంచి సన్నటి తాళంచెవి ఊడి వస్తుంది, దాంతో తలుపు తీయండి. తర్వాత రిమోట్‌నే స్టార్ట్ బటన్‌కు ఆనించి, బ్రేక్ తొక్కి స్టార్ట్ చేయండి. కొన్ని కార్లలో ఆనించాల్సిన చోటు వేరే ఉంటుంది, పుస్తకంలో చూడండి. ఈ రకం కార్లు ఉన్నవాళ్లు రిమోట్‌ను ఇంటి తలుపు పక్కన మేకుకు తగిలించకండి. ఇద్దరు దొంగలు చిన్న పరికరాలతో ఇంట్లోని రిమోట్ సిగ్నల్‌ను కారు దాకా సాగదీసి తీసుకుపోగలరు. మూతపెట్టిన స్టీలు డబ్బాలో వేసి, ఆ డబ్బా కారు పక్కన పెట్టి తలుపు తెరుచుకుంటుందో లేదో చూడండి. తెరుచుకోకపోతే ఆ డబ్బా పనికొస్తుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు మొదటి వారంలోనే చేయాల్సిన పని ఇంకోటుంది. మీ దగ్గరున్న రిమోట్లన్నీ తీసుకుపోయి కంట్రోల్ బాక్సుకు మళ్లీ కొత్తగా నేర్పించమనండి. చాలా సెట్లలో కొత్తగా నేర్పితే పాతవి చెరిగిపోతాయి. అంటే పాత ఓనరు దగ్గర మిగిలిపోయిన రిమోటో, అతని బంధువు జేబులో ఉన్న రిమోటో ఇక మీ కారును తెరవలేదు. ఆ పనికి పోయేటప్పుడు రెండు రిమోట్లూ తప్పకుండా పట్టుకుపోండి, ఇంట్లో మరిచిన రిమోట్ కూడా చెరిగిపోతుంది.

కారును నెలరోజులు వదిలిపోతే

అలారం నిద్రపోదు, కారు బ్యాటరీనే తింటూ మేల్కొని ఉంటుంది. అలారం, కారులోని ఇతర పరికరాలు కలిసి 30 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నాయనుకుందాం. రోజుకు 0.72 ఆంపియర్ అవర్లు, నెలకు 21 పైచిలుకు. చిన్న కార్ల బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లు. బిడ్డల దగ్గరికి బెంగళూరు పోయి నెల తర్వాత వస్తే రిమోట్ పలకదు, తాళం తిప్పితే టక్‌టక్ అంటుంది గాని ఇంజన్ అందుకోదు.

నమ్మకమైన మనిషి ఉంటే వారానికోసారి ఓ అరగంట నడపమని చెప్పండి. లేదంటే వ్యాలే స్విచ్‌తో అలారం ఆపి, బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పి పోండి. తిరిగి వచ్చి బిగించేటప్పుడు రిమోట్ చేతిలో పట్టుకుని ఉండండి, కరెంటు రాగానే కొన్ని సెట్లు కాపలాలోకి దిగి అరుస్తాయి.

సర్వీసుకు ఇచ్చేటప్పుడు కూడా వ్యాలేలోనే పెట్టి ఇవ్వండి. మెకానిక్ చేతికి అలారం రిమోట్ ఇవ్వక్కర్లేదు, తాళం చాలు. తీసుకున్న రోజు మళ్లీ మామూలు స్థితికి తెచ్చుకోవడం మరవకండి. నేను ఒకసారి మరిచి, పదిరోజులు కాపలా లేని కారును కాపలా ఉందనుకుని ధీమాగా తిరిగాను.

కొత్తగా బిగించుకునేవాళ్లకు ఒకే హెచ్చరిక. ఇంజన్ ఆపే రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, ఉన్న సెట్లలో స్టార్టర్ వైరు తెంపి మధ్యలో అతుకు వేస్తారు. ఆ అతుకు టంకం వేసి ఉండాలి, లేదా కారు కనెక్టరుకే సరిపోయే కప్లర్‌తో ఉండాలి. వైర్లు మెలితిప్పి టేపు చుడితే ఒక ఎండాకాలం తర్వాత కారు నడిరోడ్డు మీద ఆగుతుంది. కంపెనీ వైరు కోస్తే వారంటీకి ఇబ్బంది రావచ్చు, డీలరును ముందే అడగండి. నడుస్తున్న ఇంజన్‌ను ఆపే సౌకర్యం ఉందంటే దాన్ని ఆఫ్ చేయించండి. హైవే మీద వేగంగా పోతుండగా పొరపాటున పనిచేస్తే దొంగకంటే మీకే ప్రమాదం.

రెండో తాళంచెవిని మాత్రం పోగొట్టుకోకండి. కారు పోతే 112కు ఫోన్ చేసి, స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఎఫ్‌ఐఆర్ తీసుకున్నాక ఇన్సూరెన్స్ వాళ్లు అడిగేవాటిలో రెండు తాళాలూ ఉంటాయి. ఒకటే ఉందంటే ప్రశ్నలు మొదలవుతాయి. మాకు ఆ రెండోది బీరువాలో ఉంటుంది. ఏడాదికోసారి ఆయుధపూజ రోజు బయటికి తీస్తాం. కారు కడిగి తుడిచాక, పది అడుగులు వెనక్కి నడిచి ఆ రిమోట్‌తో ఒకసారి లాక్, ఒకసారి అన్‌లాక్ చేసి చూస్తాను. సెల్ బలహీనంగా ఉంటే అప్పుడే మారుస్తాను. తర్వాత పసుపు కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు. ఎదురింటి పెద్దాయన ఆ రోజు మెట్లమీద నిలబడి చూస్తుంటాడు, మూడు కూతలూ విని లెక్కపెట్టి లోపలికి పోతాడు.